కీలీ తెంపనివ్వని తీగ

కొడకండ్లలో బోరు మోటారుకు కరెంటు ఎంత ముఖ్యమో మన సంఘములోని రైతులకు వేరే చెప్పనక్కరలేదు. అందుకే కరెంటూ డీజిలూ లేకుండా తిరిగే ఇంజను ఉందని ఎవరైనా అంటే చెవులు నిక్కుతాయి. ఆ చెప్పేవాడు మోసగాడా, తనను తానే మోసపుచ్చుకున్నవాడా? ఈ ప్రశ్నతో మేము ఈ వారం అమెరికాలోని ఫిలడెల్ఫియావాడైన జాన్ వొరెల్ కీలీ జీవితమును చూస్తున్నాము.

కీలీ పండితుడు కాడు. వడ్రంగము, యంత్రాల పని చేసి బతికినవాడు. 1870లలో నీటి నుండి వింత శక్తిని రాబట్టానని ప్రకటించాడు. ఒక్క క్వార్టు నీళ్లతో, అంటే లీటరుకు కాస్త తక్కువ, రైలును శాన్‌ఫ్రాన్సిస్కో దాకా నడపగలనన్నాడు. ధనవంతులు కీలీ మోటార్ కంపెనీ పెట్టి వాటాలు అమ్మారు. అతడు ఫిడేలు వాయిస్తే యంత్రం కదిలేది, చూసినవారు నోరు వెళ్లబెట్టేవారు. ఇరవై ఏళ్లు దాటినా అమ్మకానికి ఒక్క ఇంజనూ రాలేదు. ఇంకా కొంచెం సరిచేయాలి అన్నదే అతని జవాబు. రహస్యం బయటపెట్టమన్న కోర్టు ఆజ్ఞను మీరి 1888లో కొద్దిరోజులు జైలులో కూడా ఉన్నాడు.

వాటాదారులు విసిగిపోయినప్పుడు అతణ్ణి పోషించినది క్లారా బ్లూమ్‌ఫీల్డ్ మూర్ అనే ధనిక విధవరాలు. ఆమె తెలివితక్కువది కాదు, డబ్బాశ గలదీ కాదు. దేవుని సృష్టిలోని గొప్ప మర్మమొకటి కీలీకి చిక్కిందని మనసారా నమ్మి, 1893లో అతని గురించి పుస్తకమే రాసింది. ఆత్మవంచన అంటే మాకు గుర్తొచ్చేది ఈమే, కీలీ కాడు.

అయినా పరీక్ష కోరినది ఆమే. 1890లలో ఆమె పిలిపించిన నిపుణులలో ఒక ఇంజనీరుకు, శక్తిని మోసుకొస్తుందని కీలీ చెప్పే తీగ మీద అనుమానం కలిగింది. అది లోపల బోలుగా ఉండి గాలిని మోస్తున్నదేమో అని, దానిని తెంపి చూపమన్నారు. కీలీ ఒప్పుకోలేదు. ఆమె ఇచ్చే సొమ్ము తగ్గించింది.

తనను తాను నమ్మించుకున్నవాడు కూడా పరీక్షకు జంకవచ్చు, నిజమే. కాబట్టి తీగ ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పలేము. కీలీ 1898 నవంబరులో చనిపోయాక ఆమె కుమారుడు క్లారెన్స్ ఆ ఇల్లు అద్దెకు తీసుకుని, ఇంజనీర్లను, ఆచార్యులను పిలిచి నేల తవ్వించాడు. కింద దాదాపు 3 టన్నుల ఇనుప గోళం, గోడల్లో, నేలకింద సన్నని గొట్టాలు బయటపడ్డాయి. అది అదిమిపెట్టిన గాలితో ఆడించిన ఆట అని వారు తేల్చారు. పాత ప్రయోగాల సామాను మాత్రమేనని కంపెనీవారు వాదించారు. మాకు ఆ వాదన నిలవదనిపిస్తుంది. భ్రమలో ఉన్నవాడికి దాచిపెట్టవలసిన గొట్టం ఉండదు. నయమాను ఇచ్చిన వెండిని ఇంట్లో దాచిన గేహజీకి తానేమి చేస్తున్నాడో తెలుసు.

ఈ వార్త పత్రికలకెక్కిన 1899 జనవరిలోనే క్లారా లండనులో కన్నుమూసింది.