డర్బన్ బజారుకు పునాది వేసిన సేఠ్ అబూబకర్ ఆమద్

దక్షిణాఫ్రికా అనగానే మనకు గాంధీగారు గుర్తుకొస్తారు. 1893లో ఆయన్ని అక్కడికి పిలిపించుకున్నది ఒక మేమన్ వ్యాపార సంస్థ. ఆ మేమన్లకు దారి చూపిన మనిషి మర్హూమ్ సేఠ్ అబూబకర్ ఆమద్ ఝవేరీ. ఆయన్ని ఈ సంచికలో మన సభ్యులకు పరిచయం చేస్తున్నాము.

సేఠ్‌గారి స్వస్థలం కాఠియావాడ్‌లోని పోర్‌బందర్. మొదట మారిషస్‌లో వ్యాపారం చేశారు. 1870ల మధ్యలో నాటాల్‌లోని డర్బన్ రేవుకు చేరి వెస్ట్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచారు. అప్పటికే అక్కడి చెరకు తోటల్లో మనవాళ్లున్నారు. 1860 నవంబర్ 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను దింపింది. 1911 వరకు లక్షన్నర మందికి పైగా వెళ్లారు, వాళ్లలో తెలుగువాళ్లూ చాలామందే. అయిదేళ్ల ఒప్పందం, రోజంతా ఎండలో చాకిరీ. పొద్దుగూకి ఇంటికొస్తే నోటికి కావలసింది మన బియ్యం, మన పప్పే కదా!

మొట్టమొదటి అంగడి సేఠ్‌గారిదే అనలేము. 1861లోనే బాబూ నాయుడు అనే ఆయన ఫీల్డ్ స్ట్రీట్‌లో మసాలా దినుసులు అమ్మాడు. అయితే పెట్టుబడితో, సొంత ఖర్చులతో వచ్చి పెద్ద వ్యాపారం నిలబెట్టింది సేఠ్‌గారు. ఆయన బాగుపడిన కబురు పోర్‌బందర్‌కు పాకింది. మేమన్లు బయలుదేరారు, వాళ్ల వెనక సూరత్ బోరాలు, లెక్కలు రాయడానికి గుజరాతీ హిందూ గుమాస్తాలు. స్థానిక జూలూలతో మర్యాదగా మాట్లాడి, చిల్లర సరిగా ఇచ్చినందువల్ల వాళ్లూ ఈ దుకాణాలకే వచ్చేవారు.

1881లో సేఠ్‌గారు గ్రే స్ట్రీట్‌లో మునుస్వామి అనే ఆయన దగ్గర 115 పౌన్లకు స్థలం కొన్నారు. హాజీ మహమ్మద్ దాదా తోడు నిలిచారు. అక్కడ చిన్న మసీదు వెలిసింది. జుమాకు వచ్చినవాళ్లు సరుకు కొనేవాళ్లు, సరుకుకు వచ్చినవాళ్లు నమాజు చదివేవాళ్లు. చుట్టూ బట్టల కొట్లు, నగల కొట్లు లేచాయి. మా దృష్టిలో సేఠ్‌గారు చేసిన అసలు పని ఇదే.

తెల్లవాళ్లకు ఇది కంటగింపైంది. 1897లో నాటాల్ ప్రభుత్వం లైసెన్సు చట్టం తెచ్చింది. అధికారి లైసెన్సు కాదంటే సుప్రీంకోర్టుకు పోయే దారి లేదు. ట్రాన్స్‌వాల్‌లో అంతకంటే ముందే, 1885 చట్టం ఆసియావాళ్ల పేరిట భూమి ఉండకూడదన్నది. ప్రిటోరియాలో చర్చ్ స్ట్రీట్‌లో సేఠ్‌గారు కొన్న స్థలం ఆ చిక్కులో పడింది. ఆయన కన్నుమూశాక వారసులు దాన్ని తమ పేరు మీదికి మార్పించుకోలేకపోయారు. ఇరవై ఏళ్లు దాటి, 1906 నాటికి కూడా వ్యవహారం తెగలేదు. గాంధీగారు అర్జీల మీద అర్జీలు రాయవలసి వచ్చింది. రూపాయి రూపాయి కూడబెట్టి ఇంటిస్థలం కొని, కాగితం పని రేపు చూద్దామనుకునే మనవాళ్లకు ఆ ఇంటివాళ్ల యాతన చెప్పకనే తెలుస్తుంది.

గ్రే స్ట్రీట్ స్థలం సంగతి వేరు. అది జమాతు పేర ట్రస్టు కిందికి వచ్చింది. మసీదును మళ్లీ మళ్లీ పెంచి కట్టారు. దక్షిణార్ధగోళంలోకెల్లా పెద్దదని చాలాకాలం పేరు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద, 1970లలో, ఆ వీధిలో భారతీయులు వ్యాపారం చేయవచ్చు గాని కాపురం ఉండరాదన్నారు. ఎన్నో కుటుంబాలు చెదిరాయి. 1991లో ఆ చట్టం పోయింది. 2008లో వీధికి డాక్టర్ యూసుఫ్ దాదూ పేరు పెట్టారు. మసీదు అక్కడే ఉంది, దాని గోడలనానుకుని దుకాణాలూ ఉన్నాయి.