అంగడికి దారి అడిగిన సహాబీ

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఖురైష్‌లోని బనూ జుహ్రా వంశీయులు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ద్వారా సత్యసందేశం అందుకున్న తొలి విశ్వాసుల్లో ఒకరు. మక్కా అవిశ్వాసుల వేధింపుల వల్ల అబిసీనియాకు వలస వెళ్ళారు. తరువాత ధర్మం కోసం ఇల్లూ వాకిలీ విడిచి మదీనాకు హిజ్రత్ చేశారు.

మదీనాలో దైవప్రవక్త (స) ముహాజిర్లకు, అన్సార్లకు మధ్య సోదర సంబంధం నెలకొల్పారు. అలా హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) ఆయనకు సోదరులయ్యారు. సంపన్నులైన సఅద్ (రజి) తన ఆస్తిలో సగం పంచి ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన కోసం దుఆ చేసి, అంగడి ఎటువైపో చూపితే చాలన్నారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్ళి నెయ్యి, ఎండబెట్టిన పెరుగు వ్యాపారం మొదలుపెట్టారు. కొంతకాలానికే ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చి, ఒక అన్సారీ స్త్రీని వివాహమాడారు. దైవప్రవక్త (స) ఆయనకు శుభం కోరి, ఒక్క గొర్రెతోనైనా వలీమా ఇవ్వమన్నారు.

ఇచ్చే సోదరునికి త్యాగాన్నీ, పుచ్చుకోదగిన సోదరునికి స్వయంకృషినీ నేర్పింది ఒకే ధర్మబోధ అని మనం గ్రహించాలి. ఆ బోధ మస్జిద్‌తో ఆగలేదు, బజారులోని తక్కెడ దాకా వచ్చింది. ఖుర్ఆన్ తూకంలో మోసాన్ని ఖండించింది, వడ్డీని నిషేధించింది, జకాత్‌ను విధిగా చేసింది. ఆ హద్దుల్లోనే వర్తకం చేసి ఆయన మదీనాలోని గొప్ప ధనవంతుల్లో ఒకరయ్యారు.

అయితే ఆ ధనం ఆయనను నిశ్చింతగా ఉండనివ్వలేదు. ఒకనాడు ఉపవాసం విరమించేందుకు భోజనం తెచ్చారు. ఉహుద్‌లో షహీద్ అయిన హజ్రత్ ముస్అబ్ (రజి) గుర్తుకొచ్చారు. ఆయన కఫన్‌కు దొరికింది ఒక్క దుప్పటి. తల కప్పితే కాళ్ళు, కాళ్ళు కప్పితే తల బయటపడేవి. తన సత్కార్యాల ప్రతిఫలం ఇహలోకంలోనే ముట్టిందేమోనన్న భయంతో అబ్దుర్రహ్మాన్ (రజి) భోజనం వదిలి ఏడ్చారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరి భయం ఇది!

ఆయన హిజ్రీ 32లో మరణించారు. బద్ర్ యోధుల్లో జీవించి ఉన్న ఒక్కొక్కరికి 400 దీనార్ల చొప్పున ఇవ్వమని వీలునామా చేసినట్లు చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి.

మరి మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? వధువు తండ్రి వద్ద కట్నం పుచ్చుకొని, వడ్డీకి అప్పు తెచ్చి వలీమా చేసేవారున్నారు. మహర్ మాత్రం కాగితం మీదే మిగిలిపోతోంది. ఆ సహాబీ తన రెక్కల కష్టంతో మహర్ ఇచ్చారు, ఉన్నంతలో వలీమా ఇచ్చారు. మన కుమారుల పెళ్ళిళ్ళకు మనం ఈ పద్ధతినే ఎంచుకోవాలి. హలాల్ సంపాదననూ, దాని లెక్క చెప్పవలసిన రోజు పట్ల భయాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.