నదులు కడలి చేరే చోట: ఎడ్వర్డ్ లూయిడ్ చరిత్ర

వేల్స్ దేశపు పడమటి, దక్షిణ తీరాల పటాన్ని పరికించిన విద్యార్థికి ఒక విశేషం గోచరిస్తుంది. అచ్చటి రేవుపట్టణాల పేర్లు అనేకం ఒకే మాటతో మొదలవుతాయి. ఇస్ట్‌విత్ నది పేర వెలసినది అబెరిస్ట్‌విత్. తావె నది సముద్రంలో కలిసే చోటు అబెర్‌తావె. తైవీ నది ఒడ్డున ఉన్నది అబెర్‌తైవీ. ఈ చివరి రెండు పట్టణాలనూ ఆంగ్లేయులు స్వాన్సీ, కార్డిగన్ అని వ్యవహరిస్తారు. స్కాట్లండు ఉత్తరభాగానికి పోతే అబెర్‌కు మారుగా ఇన్వర్ అనే మాట వినవస్తుంది. నెస్ నది కడలిని చేరే చోట ఇన్వర్‌నెస్. అరే అనే ఏరు సముద్రపు పాయలో కలిసే చోట ఇన్వరారే. ఐర్లండులోని డనీగల్ సీమలో ఇన్వర్ అన్నదే ఒక ఊరికి పేరైనది. ఫ్రాన్సు దేశపు పడమటి కొసనున్న బ్రిటనీలో మరల అబెర్ అన్న మాటే వాడుకలో ఉన్నది. రెండు మాటలకూ అర్థం ఒక్కటే: నది తన నీటిని మరొక జలరాశిలో కలిపే తావు. మన కోస్తాలో మొగ అనేది అదే.

ఒక అర్థానికి ఈ రెండు మాటలు ఎట్లా ఏర్పడినవి? సముద్రాలు అడ్డమైన దేశాలలో ఒకే మాట ఎట్లా నిలిచింది? ఇటువంటి ప్రశ్నలకు ఊహలతో కాక, మాటలను పక్కపక్కన పేర్చి, ఉచ్చారణను చెవియొగ్గి విని సమాధానం వెదకవలెనని మొదట చూపినవాడు ఎడ్వర్డ్ లూయిడ్. కెల్టిక్ భాషాశాస్త్రానికి ఆయన ఆద్యుడు.

లూయిడ్ 1660 ప్రాంతాన ఇంగ్లండు, వేల్స్ సరిహద్దులోని ష్రాప్‌షైర్ సీమలో జన్మించినాడు. తండ్రి ఎడ్వర్డ్ లాయిడ్, ఆజ్వెస్ట్రీ సమీపాన లాన్‌ఫోర్దా ఎస్టేటుకు యజమాని. తల్లి బ్రిజెట్ ప్రైస్, అబెరిస్ట్‌విత్ ఉన్న కార్డిగన్ సీమకు చెందిన ఇంటి ఆడపడుచు. వారిరువురికీ వివాహం జరగలేదు. కనుక పుట్టుకతోనే ఆ బాలునికి ఆస్తి హక్కు లేకపోయినది. తండ్రి వంశం గొప్పదే కాని, అంతర్యుద్ధ కాలంలో రాజపక్షం వహించి చితికిపోయినది. ఆ ఇంట బాలునికి దక్కిన నిజమైన సంపద ఒక తోట. ఎడ్వర్డ్ మోర్గన్ అనే వృక్షశాస్త్రవేత్త అచ్చట మొక్కలను పెంచుతుండేవాడు. ఆకును ఆకుతో, పువ్వును పువ్వుతో పోల్చి జాతులను నిర్ణయించే విద్య లూయిడ్‌కు అచ్చటనే అబ్బినది. తరువాతి కాలంలో మాటల విషయంలో ఆయన అనుసరించిన పద్ధతి కూడా ఇదే.

1681లో తండ్రి మరణించినాడు. మరుసటి ఏట లూయిడ్ ఆక్స్‌ఫర్డులోని జీసస్ కళాశాలలో ప్రవేశించినాడు. పట్టం పుచ్చుకొనక మునుపే చదువు విడిచి, 1683లో తెరచిన ఆష్మోలియన్ మ్యూజియంలో అధ్యక్షుడు రాబర్ట్ ప్లాట్ వద్ద సహాయకుడుగా కుదిరినాడు. కొన్ని ఏండ్ల పిదప ప్లాట్ స్థానం ఆయనకే లభించినది. పదవి గొప్పదే కాని రాబడి స్వల్పం. చూడవచ్చిన వారిచ్చే రుసుములే ప్రధానాధారం. అయినను ఆయన మరణపర్యంతం ఆ కొలువు విడువలేదు.

ఆ దినాలలో ఆయన ఖ్యాతి మొక్కలవల్ల, శిలాజాలవల్ల వచ్చినది. స్నోడన్ పర్వతపు ఎత్తయిన కొండచరియలలో ఒక చిన్న తెల్లని లిల్లీని ఆయన కనుగొన్నాడు. ఆ జాతికి పండితులు చాలకాలం లాయిడియా అని ఆయన పేరే పెట్టినారు. 1699లో శిలాజాల పట్టికను లాటిన్ భాషలో ప్రకటించదలచినప్పుడు, విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఖర్చు భరించడానికి సిద్ధపడలేదు. ఐజాక్ న్యూటన్, హాన్స్ స్లోన్ మున్నగు మిత్రులు కొందరు ధనమిచ్చి కేవలం 120 ప్రతులు అచ్చువేయించినారు. అందులో ఆయన చిత్రించిన ఒక పన్ను మహాకాయమైన డైనోసారు జాతిదని తరువాతి శాస్త్రజ్ఞులు గుర్తించినారు.

రాళ్ళను పోగుచేసే ఈ మనిషి మాటలవైపు మరలడానికి కారణం కలదు. కామ్డెన్ రచించిన ప్రసిద్ధ గ్రంథం బ్రిటానియాను 1695లో నూతనంగా ప్రకటించినప్పుడు, వేల్స్ భాగాన్ని సవరించి పెంచే పని లూయిడ్‌కు అప్పగించినారు. ఆ పనిలో ఆయనకు ఒక సత్యం తోచినది. శిలాశాసనాలు లేని చోట, వ్రాతప్రతులు నశించిన చోట, పూర్వుల సాక్ష్యంగా మిగిలినవి ఊళ్ళ పేర్లు, నదుల పేర్లు, పల్లె ప్రజల మాటలు. రాతిపొరలో శంఖం నిలిచినట్లే నది పేరులో ఒక పాతమాట నిలిచి ఉంటుంది.

ఆ సాక్ష్యాన్ని సేకరించడానికి ఆయన అవలంబించిన మార్గం ఆ కాలానికి అపూర్వం. 1696లో ఒక ప్రశ్నావళిని 4,000 ప్రతులు అచ్చువేయించి, వేల్స్‌లోని ఒక్కొక్క పారిష్‌కు మూడేసి చొప్పున పంపించినాడు. గ్రామాల స్థితి, పురాతన కట్టడాలు, ఆచారాలు, మాటతీరు, మొక్కలు, రాళ్ళు మున్నగువాటిని గురించి ప్రశ్నలు అందులో ఉండినవి. పిదప 1697 మే నెలలో కొద్దిమంది యువ సహాయకులతో స్వయంగా బయలుదేరినాడు. యాత్ర నాలుగు సంవత్సరాలు సాగినది. వేల్స్ సీమలన్నీ, ఐర్లండు, స్కాట్లండు ఎగువ ప్రాంతాలు, కార్న్‌వాల్, చివరకు బ్రిటనీ ఆయన చూచినాడు. మార్గమధ్యంలో 1699లో ఐర్లండులోని న్యూగ్రేంజ్ ప్రాచీన సమాధిమందిరాన్ని దర్శించి వర్ణించినాడు.

యాత్ర సుఖంగా జరగలేదు. కొండదారులలో వానకు తడిసి, దొరికిన గుడిసెలో తలదాచుకొన్న రోజులు అనేకం. కొత్తవారు ఊరూరా తిరిగి ప్రశ్నలడిగి వ్రాసుకొంటుంటే జనానికి అనుమానం కలగడం సహజం. కార్న్‌వాల్‌లో కొందరు వారిని దొంగలనుకొన్నారు. బ్రిటనీలో ఆపద మరింత ముదిరినది. అది 1701వ సంవత్సరం. ఫ్రాన్సు, ఇంగ్లండుల మధ్య యుద్ధమేఘాలు కమ్ముకొన్న సమయం. లూయిడ్‌ను గూఢచారి అని పట్టుకొని, కాగితాలు స్వాధీనం చేసికొని, బ్రెస్ట్ పట్టణంలో 18 దినాలు బంధించినారు. విడుదల అయిన వెంటనే దేశం విడిచి పోవలసి వచ్చినది. అబెర్ రాక్, అబెర్ బెన్వా, అబెర్ ఇల్దుత్ అనే పేర్లు గల మూడు నదీముఖాలు ఆ బ్రెస్ట్ పట్టణానికి ఉత్తరపు తీరాననే ఉన్నవి. వేల్స్ రైతు పలికే మాటనే పలికే జనుల మధ్య ఆ పండితుడు అపరిచిత శత్రువుగా ఖైదులో కూర్చున్నాడు.

కార్న్‌వాల్‌లో గడపిన నాలుగు నెలల ఫలితం అమూల్యమైనది. కార్నిష్ భాష అప్పటికే పడమటి కొసలోని కొన్ని పారిష్‌లకు కుదించుకుపోయినది. లూయిడ్ ఆ పల్లీయుల నోట మాటలు విని, ధ్వనులను గుర్తించడానికి ప్రత్యేకమైన లిపిసంకేతాలను కల్పించి వ్రాసుకొన్నాడు. ఆ భాషను పుట్టుకతో మాట్లాడినవారిలో చివరిదని ప్రసిద్ధి పొందిన డాలీ పెంట్రీత్ 1777లో మరణించినది. ఇరవయ్యవ శతాబ్దంలో కార్నిష్‌ను తిరిగి బతికించదలచినవారికి, ఆ భాష తుదిదినాలలో ఎట్లా వినబడేదో తెలుపగల ముఖ్యాధారాలలో లూయిడ్ వ్రాతలు ఒకటైనవి.

ఈ శ్రమకంతటికీ ఫలంగా 1707లో ఆర్కియాలజియా బ్రిటానికా అనే మహాగ్రంథం ఆక్స్‌ఫర్డులో వెలువడినది. అందులో లాటిన్ మాటలకు ఎదురుగా వెల్ష్, ఐరిష్, బ్రెటన్, కార్నిష్ పదాలను పేర్చిన పట్టికలు, కార్నిష్ వ్యాకరణం, ఐరిష్ నిఘంటువు ఉన్నవి. వెల్ష్, కార్నిష్, ఐరిష్ భాషలలో ఆయనే పీఠికలు రచించినాడు. ఈ భాషల మధ్య ధ్వనులు అడ్డదిడ్డంగా కాక ఒక క్రమం ప్రకారం మారుతున్నవని ఆయన గ్రహించినాడు. ఐరిష్‌లో కకారం ఉన్న అనేక మాటలలో వెల్ష్‌లో పకారం కనిపిస్తుంది. కుమారుని ఐర్లండువారు మాక్ అంటే పాత వెల్ష్‌లో మాప్. ఐదును వారు కూగ్ అంటే వీరు పింప్ అంటారు. తలకు అచ్చట క్యాన్, ఇచ్చట పెన్. వెల్ష్, కార్నిష్, బ్రెటన్ ఒక శాఖ అనీ, ఐరిష్, స్కాట్లండు గేలిక్ మరొక శాఖ అనీ నేటికీ పండితులు చేసే విభజనకు మూలం ఇదే. ఆ భాషలకు కెల్టిక్ అనే పేరు నిలవడానికి కూడా ఈ గ్రంథం ఒక కారణం.

కాని చందాదారులలో అనేకులు నిరాశ చెందినారు. వారు వంశచరిత్రలను, వింతలను ఆశించి డబ్బు కట్టినారు. చేతికి వచ్చినది పదాల పట్టిక. తరువాతి సంపుటాలలో ప్రాచీన వస్తువులను, ప్రకృతిచరిత్రను వివరించవలెనని లూయిడ్ సంకల్పించినాడు. వాటికి వ్యవధి లేకపోయినది. 1708లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినది. మరుసటి ఏడు జూన్ 30వ తేదీన, ఉబ్బసంతో, పార్శ్వశూలతో బాధపడి, మ్యూజియంలోని తన గదిలోనే కన్నుమూసినాడు. అప్పటికి ఆయన వయస్సు 49 సంవత్సరాల ప్రాంతం.

మరణానంతర కథ మరింత విషాదకరం. అప్పుల నిమిత్తం ఆయన వ్రాతప్రతులు అమ్మకానికి వచ్చినవి. ఆయన జీవితం ధారపోసిన ఆక్స్‌ఫర్డు వాటిని దక్కించుకొనలేదు. సర్ థామస్ సెబ్రైట్ అనే శ్రీమంతుడు కొన్నాడు. ఆ వంశంవారు ఐరిష్ ప్రతులను 1786లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలకు ఇచ్చినారు. ఐరిష్ సాహిత్యానికి ప్రాణప్రదమైన లీన్‌స్టర్ గ్రంథం అట్లా దక్కినది. తక్కినవి చేతులు మారి చెదరిపోయినవి. 1807లో హవోడ్ భవనం తగులబడినప్పుడు కొన్ని, 1858లో విన్‌స్టే భవనం తగులబడినప్పుడు మరికొన్ని బూడిదైనవి. నాలుగేండ్లు కాలినడకన, గుర్రంమీద తిరిగి కూర్చిన సంపదలో గణనీయమైన భాగం ఇట్లా మంటపాలైనది.

అయినను ఆయన చూపిన బాట మూతపడలేదు. ట్రినిటీ కళాశాలకు ప్రతులు చేరిన ఆ 1786వ సంవత్సరంలోనే, కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృతానికి, గ్రీకు, లాటిన్‌లకు గల జ్ఞాతిత్వాన్ని ప్రకటించి, కెల్టిక్ భాషలు కూడా ఆ కుటుంబంలోనివే కావచ్చునని సూచించినాడు. ఆ జోన్స్ తండ్రి వేల్స్‌కు చెందినవాడు. 1853లో జర్మన్ పండితుడు యోహాన్ కాస్పర్ జాయిస్ ప్రాచీన వ్రాతప్రతుల ఆధారంగా కెల్టిక్ వ్యాకరణాన్ని రచించి ఆ శాస్త్రానికి గట్టి పునాది వేసినాడు. అప్పటినుంచి అబెర్, ఇన్వర్‌ల గుట్టు క్రమంగా బయటపడినది.

ఈ రెండు మాటలలోనూ ధాతువు ఒక్కటే. ముందు చేరిన ఉపసర్గలు మాత్రం వేరు. ఆ ధాతువుకు మోయుట, తెచ్చుట అని అర్థం. ఇన్వర్ అనగా లోపలికి తెచ్చేది. నది తన నీటిని మోసికొనిపోయి మరొక నీటికి అప్పగించే చోటు అన్నమాట. ఇంగ్లీషువారు అచ్చట నదికి నోరు ఉన్నదని ఊహించినారు. మన సంస్కృత సమాసం ముఖం ఉన్నదని ఊహించినది. కెల్టులు బరువు దించే పనిని చూచినారు. సంస్కృతంలోని భృ ధాతువు దీనికి సోదరం. తెలుగువారు నిత్యం పలికే భారం, భరించు, భరణం అనే మాటలు ఆ ధాతువునుండి వచ్చినవే. రెండు నదులు కలిసే చోటును వెల్ష్‌లో కమెర్, బ్రెటన్‌లో కెంపెర్ అంటారు. కూడా తెచ్చుట అని దాని భావం. బ్రిటనీలోని కెంపెర్ పట్టణానికి పేరు అట్లా వచ్చినది. మన సంభారం అనే మాటలో ఉన్న భావం కూడా కూడబెట్టి తెచ్చుటయే.

స్కాట్లండు తూర్పుభాగంలో అబెర్డీన్, అబెర్నెతీ మున్నగు పేర్లు ఎందుకు ఉన్నవో కూడా ఇందువల్ల తెలిసినది. అచ్చట పూర్వం నివసించిన పిక్టుల భాష వెల్ష్‌కు దగ్గరిది. తరువాత ఐర్లండునుంచి వ్యాపించిన గేలిక్ ఇన్వర్‌ను తెచ్చినది. పేర్లు మాత్రం రెండూ నిలిచినవి. ఈ విషయాలను డబ్ల్యు. జె. వాట్సన్ 1926లో స్కాట్లండు స్థలనామాల చరిత్రలో విపులంగా చర్చించినాడు.

లూయిడ్ నిర్ణయాలన్నీ నిలువలేదు. వేల్స్‌లోని విస్క్ నది పేరు ఐరిష్‌లో నీరు అనే అర్థమిచ్చే మాటను పోలి ఉన్నదని గమనించి, పూర్వం ఆ దేశంలో ఐరిష్ జాతివారే నివసించినారని ఆయన ఊహించినాడు. నేటి పండితులు దానిని అంగీకరించరు. నదుల, పర్వతాల పేర్లపై ఆయన వ్రాసిపెట్టిన టిప్పణులు 1719లో విలియం బాక్స్టర్ గ్రంథంతోపాటు అచ్చైనవి. వాటిలోనూ దిద్దవలసినవి అనేకం. కాని పద్ధతి నిలిచినది. పామరుని నోటిమాట కూడా పండితుని తాళపత్రమంత విలువైన సాక్ష్యమనీ, అది నశించక మునుపే వ్రాసిపెట్టవలెననీ ఆయన జీవితం చాటినది.

వేల్స్ జాతీయ గ్రంథాలయం 1907లో స్థాపితమైనది. అది ఉన్న ఊరు అబెరిస్ట్‌విత్. మంటలనుండి తప్పించుకొన్న లూయిడ్ కాగితాలు కొన్ని అచ్చట భద్రంగా ఉన్నవి. ఆస్తి హక్కు లేకుండా పుట్టిన ఆ కుమారుడు తన జాతికి తన మాటలనే వారసత్వంగా అప్పగించిపోయినాడు.