డాక్టర్ రజీయుద్దీన్ సిద్దిఖీ: ఉర్దూలో చదివి పరమాణువు దాకా

పరమాణు నిర్మాణం పాఠం రాగానే బెదిరిపోయే పిల్లలు మన అల్వాల్ ఇళ్ళల్లోనూ ఉన్నారు. ఇంగ్లీషు రానివాడికి సైన్సు ఎక్కడ వస్తుందిలే అని పెద్దలం మనమే అనేస్తుంటాం. అందుకే ఒక హైదరాబాదీ జీవితాన్ని ఇక్కడ మనవి చేస్తున్నాము.

రజీయుద్దీన్ సిద్దిఖీ గారు గత శతాబ్దం తొలి పదేళ్ళలో హైదరాబాదులో పుట్టారు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ లెక్కలు, సైన్సు అన్నీ ఉర్దూలోనే చెప్పేవారు. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టి పాఠ్యపుస్తకాలు తయారు చేయించారు. ఆ చదువుతోనే ఆయన కేంబ్రిడ్జి వెళ్ళారు. తర్వాత జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైసన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేసి డాక్టరేటు పొందారు.

ఆ గురువు గొప్పతనం తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. పరమాణువు ముక్కలు కాని గట్టి రేణువని డాల్టన్ అనుకున్నాడు. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనిపెట్టాక, ధన విద్యుత్తు ముద్దలో ఎలక్ట్రాన్లు పొదిగి ఉంటాయన్నారు. పల్చటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను వదిలితే చాలామట్టుకు దూసుకుపోయాయి, ఏ కొన్నో వెనక్కి తిరిగొచ్చాయి. దాంతో నడుమ చిన్న కేంద్రకం ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చాడు. ఎలక్ట్రాన్లు నియమిత కక్ష్యల్లోనే తిరుగుతాయని 1913లో బోర్ చెప్పాడు. కంటికి కనబడని ఆ కక్ష్యల మాట పక్కన పెట్టి, పరమాణువు వెలువరించే కాంతిని కొలిచి లెక్క కడదామని 1925లో దారి చూపినవాడు హైసన్‌బర్గ్. ఆ కొత్త లెక్కను సిద్దిఖీ గారు ఆయన దగ్గరే నేర్చుకున్నారు.

1930ల మొదట్లో తిరిగొచ్చి ఉస్మానియాలోనే గణితాచార్యులుగా పనిచేశారు. ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతాన్ని ఉర్దూ పాఠకులకు వివరించారు, ఇక్బాల్ కవిత్వంలోని దేశకాల భావన గురించీ రాశారు. 1948 తర్వాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారింది. 1950లో ఆయన పాకిస్తాన్ వెళ్ళి, పెషావర్, సింధ్, ఇస్లామాబాద్ విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1998లో కన్నుమూశారు.

ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. ఆయనా పై చదువులకు పరభాషలు నేర్చుకున్నారు గదా! కాని పునాది పడింది తెలిసిన భాషలో. ఉర్దూ మీడియమో తెలుగు మీడియమో అని మన పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, సైన్సుకు దూరం చేయకండి. సిద్దిఖీ గారు చదివిన ఉస్మానియా అల్వాల్‌కు ఎంతో దూరం లేదు.