ఉరిశిక్షను రద్దు చేయించిన సిల్వర్‌మన్

బ్రిటిషు పార్లమెంటులో ముప్పదిరెండేండ్లు సభ్యుడుగా నుండియు మంత్రిపదవి నెన్నడును చేపట్టని సిడ్నీ సిల్వర్‌మన్, గ్రేటు బ్రిటనున హత్యానేరమునకు ఉరిశిక్షను తొలగించిన శాసనమునకు కర్తయయ్యెను.

ఆయన 1895లో లివర్‌పూలు నగరమున ఒక బీద యూదు కుటుంబమున జన్మించెను. మొదటి ప్రపంచ యుద్ధమున నిర్బంధ సైనికసేవకు మనస్సాక్షి యంగీకరింపదని నిరాకరించి కారాగారవాసము ననుభవించెను. ఖైదీల దుఃస్థితిని కన్నులార చూచినది అప్పుడే. తరువాత హెల్సింకి విశ్వవిద్యాలయమున కొంతకాలము ఆంగ్లము బోధించి, స్వనగరమునకు తిరిగివచ్చి, న్యాయవాదియై బీదల పక్షమున వ్యాజ్యములు నడపెను. 1935లో లాంకషైరులోని నెల్సన్-కోల్న్ నియోజకవర్గమునుండి లేబరుపార్టీ పక్షమున ఎన్నికయ్యెను. మరణపర్యంతము ఆ స్థానము ఆయనదే.

వామపక్షీయుడైన సిల్వర్‌మన్, పార్టీ యాజ్ఞ తన యంతరాత్మకు విరుద్ధమైనచో ఆజ్ఞనే త్రోసివైచెడివాడు. 1954లో పశ్చిమ జర్మనీకి మరల ఆయుధములు సమకూర్చుటను వ్యతిరేకించి, 1961లో సైనికవ్యయపు పద్దులకు ప్రతికూలముగా ఓటు వేసి, రెండుమార్లు పార్లమెంటరీ పక్షమునుండి వెలివేయబడెను. అయినను యుద్ధమును ద్వేషించిన ఆయనయే నాజీల క్రౌర్యమును చూచి రెండవ ప్రపంచ యుద్ధమును సమర్థించెను. యూదజాతిని నిర్మూలింప నాజీలు తలపెట్టిరను వార్త 1942లో జెనీవానుండి ముందుగా నందినవారిలో ఆయన యొకడు.

ఆయన జీవితమున ప్రధానఘట్టము ఉరిశిక్షపై సాగించిన పోరాటము. 1948లో ఆ శిక్షను ఐదేండ్లు నిలిపివేయవలెనని ఆయన తెచ్చిన సవరణ, ప్రభుత్వమునకు సమ్మతము కాకున్నను, కామన్సు సభలో 245–222 ఓట్లతో నెగ్గెను. ప్రభువుల సభ దానిని 181–28 ఓట్లతో త్రోసిపుచ్చెను. ఆ నిరాకరణకు మూల్యము త్వరలోనే తెలిసినది. కన్నకూతురిని చంపెనను నేరముపై తిమోతీ ఇవాన్స్ 1950లో ఉరితీయబడెను. ఆ యింటనే కాపురముండి అతనికి విరుద్ధముగా సాక్ష్యము పలికిన జాన్ క్రిస్టీ, పెక్కుమంది స్త్రీలను చంపిన హంతకుడని 1953లో వెల్లడియయ్యెను. ఇవాన్సుకు 1966లో క్షమాభిక్ష లభించినది. ప్రాణము మాత్రము తిరిగిరాలేదు. ఆ సవరణ నిలిచియున్నచో అతడు ఉరికంబ మెక్కవలసిన యగత్యమే యుండెడిది కాదు.

1956లో సిల్వర్‌మన్ తెచ్చిన బిల్లునుగూడ కామన్సు సభ యామోదింపగా, ప్రభువులు 238–95 ఓట్లతో నిరాకరించిరి. మరుసటి యేడు వెలువడిన చట్టము కొన్నివిధములైన హత్యలకే ఉరిని పరిమితము చేసెను. ఆయన దానితో తృప్తి చెందలేదు. 1964 డిసెంబరులో మరల తెచ్చిన బిల్లునకు కామన్సు సభలో 355 మంది అనుకూలురు, 170 మంది ప్రతికూలురు. మరుసటి యేడు ప్రభువులును 204–104 ఓట్లతో సమ్మతించిరి. 1965 నవంబరులో అది ఐదేండ్ల పరిమితితో శాసనమయ్యెను.

ప్రజలలో అధికసంఖ్యాకులు అప్పటికిని ఉరిశిక్షనే కోరుచుండిరి. 1966 ఎన్నికలలో ఆ శిక్షను పునరుద్ధరింపవలెనను స్వతంత్ర అభ్యర్థి యొకడు ఆయనపై పోటీచేసి ఐదువేలకు పైగా ఓట్లు పొందెను. ఓటర్లు తన్ను విడనాడుదురేమో యను భయముతో ఆయన తన మతమును మార్చుకొనలేదు. ఓటర్లును ఆయనను విడనాడలేదు.

1968 ఫిబ్రవరి 9వ తేదీన ఆయన మరణించెను. 1969 డిసెంబరులో ఉభయసభలును ఆ శాసనమును శాశ్వతము చేసినవి. ఆ దినమును చూచు భాగ్యము ఆయనకు లభింపలేదు. కాని 1964 ఆగస్టు తరువాత ఆ దేశమున ఏ మనుష్యుడును ఉరికంబ మెక్కలేదు.