వంటపుస్తకముతో జాతిని కలిపిన పెల్లెగ్రీనో ఆర్తూజి

జాతులను ఏకము చేసినవారిని తలచునపుడు సేనానులు, రాజనీతిజ్ఞులు, మహాకవులు మనకు స్ఫురింతురు. ఇటలీదేశ చరిత్రలో అట్టివారి సరసన ఒక పట్టువర్తకుని పేరు కూడ వినవచ్చును. ఆయన కత్తి పట్టలేదు, శాసనసభలో ప్రసంగింపలేదు. డెబ్బదియేండ్ల వయస్సున ఒక వంటపుస్తకమును వ్రాసెను. ఆయన పేరు పెల్లెగ్రీనో ఆర్తూజి.

1820 ఆగస్టు 4వ తేదీన రొమాన్యా ప్రాంతమందలి ఫోర్లింపోపొలి అను చిన్న పట్టణమున ఆర్తూజి జన్మించెను. నాడు ఆ సీమ పోపుగారి యేలుబడిలో నుండెను. తండ్రి అగోస్తినో సంపన్నుడైన వర్తకుడు. బాలుడు సమీపమందలి బెర్తినోరోలోని మతవిద్యాలయమున చదివి, యౌవనమున బొలోన్యా విద్యార్థులతో స్నేహము చేసి, పిదప తండ్రి వ్యాపారమునకు తోడయ్యెను.

1851 జనవరి 25వ తేదీ రాత్రి ఆ కుటుంబపు బ్రతుకు తలక్రిందులయ్యెను. 'పడవవాడు' అను మారుపేరుతో ప్రసిద్ధి కెక్కిన బందిపోటు స్తెఫానో పెల్లోని తన ముఠాతో పట్టణమును ముట్టడించెను. నాటకము చూడవచ్చిన ధనికులను నాటకశాలలోనే నిర్బంధించి, ఒక్కొక్కరి యిల్లే దోచెను. ఆర్తూజిగారి యిల్లును ఆ దోపిడికి గురియయ్యెను. ఆ ఘోరమునకు సోదరి గెర్త్రూదేకు మతి చలించెను. ఆమెను పిచ్చివారి వైద్యశాలలో చేర్పవలసివచ్చెను. ఇక ఆ ఊర నిలువలేక కుటుంబమంతయు ఆ యేడే ఫ్లారెన్సు నగరమునకు తరలిపోయెను.

ఆర్తూజి లివోర్నో రేవులోని ఒక వర్తకసంస్థలో కొంతకాలము పనిచేసి, పిదప ఫ్లారెన్సులో పట్టువ్యాపారము సాగించి ధనవంతుడయ్యెను. వివాహము చేసికొనలేదు. నడివయస్సు దాటినంతనే వ్యాపారము విరమించి, తనకు ప్రియమైన సాహిత్యమునకు మరలెను. 1878లో ఊగో ఫోస్కొలో అను కవి జీవితమును ప్రకటించెను. పిదప జూసెప్పె జూస్తి అను మరియొక కవి లేఖలపై వ్యాఖ్యానము వ్రాసెను. రెంటిని లోకము పట్టించుకొనలేదు. సాహిత్యకారుడు కావలెనను ఆయన ఆశ అంతటితో అడుగంటెను.

అప్పటి ఇటలీ స్థితిని ఇచట కొంత తెలిసికొనవలెను. 1861లో రాజ్యము ఏకమైనను ప్రజలు ఏకము కాలేదు. నూటికి డెబ్బదిమందికి పైగా నిరక్షరాస్యులు. సాహిత్యభాషయైన ఇటాలియనును నిత్యము మాటలాడువారు నూటికి ఇద్దరు ముగ్గురు మాత్రమేయని భాషావేత్తల అంచనా. ఒక ఊరి వంటకపు పేరు వేరొక ఊరివారికి అర్థము కాదు. అచ్చైన వంటగ్రంథములు ఫ్రెంచి పదములతో నిండియుండెడివి. ఆర్తూజి సులభమైన ఫ్లారెన్సు భాషలో వ్రాసి, టస్కనీ పదములకు గ్రంథాదిని అర్థములు చేర్చెను.

'పాకశాల యందు శాస్త్రము, చక్కగా భుజించు కళ' అను ఆ గ్రంథమును అచ్చువేయుటకు ప్రకాశకులు ముందునకు రాలేదు. సాహిత్యాచార్యుడైన ఒక మిత్రుడు ఇది ఎవరికిని అక్కరలేదని తేల్చెను. జన్మస్థలమున జరిగిన ఒక ధర్మార్థ లాటరీకి పంపిన రెండు ప్రతులను గెలుచుకొన్నవారు వానిని పొగాకు దుకాణదారునకు అమ్ముకొనిరి! ఆర్తూజి వెనుదీయక 1891లో సొంత వ్యయముతో 1000 ప్రతులు ముద్రింపించెను. అందు 475 వంటకములుండెను. రెండవ ముద్రణకు 1895 వరకు వేచియుండవలసివచ్చెను. ఆ తరువాత గ్రంథము ఆగలేదు.

అందేమి కలదు? రొమాన్యావారు పండుగనాడు కోడిరసములో ఉడికించు 'కప్పెల్లెత్తి' కలదు. చిన్న టోపీవలె మడిచిన పిండిలో జున్ను, మాంసము కూరిన వంటకమది. మిలానువారి కుంకుమపువ్వు అన్నము, లివోర్నోవారి చేపలపులుసు, ఫ్లారెన్సువారి నిప్పులపై కాల్చిన గోమాంసము అందు కలవు. మధురపదార్థములలో బాదముతో చేయు సియెనా 'రిచ్చరెల్లి', టస్కనీవారు చెస్ట్‌నట్ పిండితో చేయు 'కస్తన్యాచ్చో' కలవు. నేపుల్సు పేర ఆయన చెప్పిన 'పిజ్జా' నేడు మనమెరిగినది కాదు. జున్ను, బాదము, పంచదారలతో చేయు తీపి వంటకము! మనకు సుపరిచితమైన వంకాయ ఆయన యౌవనమున ఫ్లారెన్సు అంగళ్లలో అరుదు. అది యూదుల తిండియను చిన్నచూపే అందులకు కారణము. ఆ చులకన అవివేకమనియు, రుచి యెరిగినవారు యూదులే యనియు ఆయన నిర్మొగమాటముగా వ్రాసెను. దక్షిణ ప్రాంతములకు గ్రంథమున తగినంత చోటు దొరకలేదను విమర్శ కలదు, అది న్యాయమే.

విధులు మాత్రమే గాక కథలును అందు కలవు. 1855లో ఆయన లివోర్నోకు పోయి ఒక భోజనశాలలో కూరగాయల పులుసు త్రాగెను. రాత్రి కడుపులో కలత పుట్టగా ఆ పులుసునే నిందించుచు ఫ్లారెన్సు చేరెను. అంతలో లివోర్నోలో కలరా పుట్టినదనియు, తనకు బస యిచ్చిన గృహస్థుడే దానికి బలియైనాడనియు వార్త వచ్చెను. పులుసు నిర్దోషి యని తెలిసి, దానిని తన పద్ధతిని మెరుగుపరచి గ్రంథమున చేర్చెను.

ఏ వంటకమును ఇంట పరీక్షింపక ఆయన ప్రకటించువాడు కాడు. మరియెట్టా సబతీని, ఫ్రాంచెస్కో రుఫిల్లి అను ఇద్దరు సేవకులు పొయ్యివద్ద ఆయనకు కుడి ఎడమ భుజములు. 'పనెత్తోనె' అను తీపిరొట్టెకు మరియెట్టా పేరే పెట్టి ఆమెను గౌరవించెను. దేశము నలుమూలలనుండి గృహిణులు తమ ఊరి వంటకములు తెలుపుచు జాబులు వ్రాసిరి. వానిలో మేలైనవానిని పరీక్షించి చేర్చెను. 475 వంటకములు తుదకు 790 అయినవి. ఈ రీతిగా ఆ గ్రంథము ఒక్కనిది కాక దేశమంతటిది అయ్యెను. ఏ ఊరి వంటకమును ఆ ఊరి పేరుతోనే నిలిపి, అందరికి అర్థమగు ఒక్క భాషలో చెప్పుటయే ఆయన చేసిన మహోపకారము. అందుచేతనే 1970లో ఈ గ్రంథమును పరిష్కరించి ప్రకటించిన పియెరో కంపొరేసి, జాతిని కలుపుటలో ఇది మహానవలలను మించినదని అభిప్రాయపడెను.

1911 మార్చి 30వ తేదీన, తొంబదియేండ్ల వయస్సున ఆర్తూజి ఫ్లారెన్సులో కన్నుమూసెను. గ్రంథపు హక్కులను ఆ ఇద్దరు సేవకులకే వ్రాసియిచ్చెను. తన పుస్తకమును పొగాకు దుకాణమునకు అమ్ముకొన్న జన్మస్థలమును సైతము ద్వేషింపక, ఆస్తిని ఆ పట్టణమునకు ధర్మకార్యముల కొఱకు విడిచెను. 1997 నుండి ఫోర్లింపోపొలి ఆయన పేర వార్షికోత్సవము జరుపుచున్నది. 2007లో ఆయన పేర ఒక పాకకళాకేంద్రము వెలసినది.

కవుల జీవితములు వ్రాసి ఆర్జింపలేని కీర్తిని, గృహిణుల పొయ్యిని గౌరవించి ఆయన ఆర్జించెను. సామాన్యునకు అక్కరకు వచ్చు విద్యను సామాన్యుని భాషలో చెప్పుట సాహిత్యమునకు తక్కువ పని కాదని ఆర్తూజి జీవితము బోధించుచున్నది.