రాజా దీన్‌దయాళ్: కొయ్య కెమెరా, గాజు పలక

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలపు హైదరాబాదును తలచుకొన్నప్పుడు మన మనస్సులో మెదిలే దృశ్యాలలో పెక్కు ఒకే ఒక్క చిత్రశాల నుండి వచ్చినవే. ఫలక్‌నుమా సౌధం, బషీర్‌బాగ్ రాజభవనం, దర్బారు దుస్తులలో అమీరులు, వేట విడిదులు, ఇవన్నీ రాజా దీన్‌దయాళ్ గాజు పలకలపై నిలిచిపోయిన వెలుగే. ఆయనను ఎరిగినవారు సైతం సాధారణంగా బిరుదులను పేర్కొని ఊరకుంటారు. ఆయన చేతి పనిముట్టు ఎటువంటిది, దానిని ఎన్నుకోవడంలో ఎంత ఆలోచన అవసరమైనది అన్న విషయం మాకు అంతకంటె ఆసక్తికరంగా తోచినది.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపాన సర్ధానాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇందూరు పబ్లిక్ వర్క్స్ శాఖలో ముఖ్య ఎస్టిమేటరుగా, నక్షాకారుడుగా చేరారు. ఎస్టిమేటరు పని ఏమిటి? గోడ ఎంత బరువు మోస్తుంది, ఏ కొయ్య ఎండకు వంగుతుంది, ఏ పనికి ఎంత ఖర్చవుతుంది అని ముందుగానే లెక్కకట్టడం. ముప్పయ్యవ యేట, అనగా 1874లో, ఆయన కెమెరా చేపట్టినప్పుడు ఈ లెక్కలన్నీ వెంట వచ్చినవని మా నమ్మకం. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, గవర్నర్ జనరల్ ఏజెంటు సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు.

ఇక్కడ ఒక సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆ రోజులలో చిన్న చిత్రాన్ని తీసి తరువాత పెద్దది చేసుకోవడం మిక్కిలి శ్రమతో కూడిన పని. గాజు నెగెటివును ఆల్బుమెన్ కాగితానికి ఆనించి, ఎండలో పెట్టి అచ్చుతీసేవారు. నెగెటివు ఎంతో చిత్రమూ అంతే. పన్నెండంగుళాల చిత్రం కావలెనంటే పన్నెండంగుళాల గాజు పలక, దానిని పట్టే కెమెరా కావలసినదే. కనుక నాటి ఛాయాగ్రాహకుడు కెమెరాను ఎన్నుకొన్నాడంటే తన చిత్రపు పరిమాణాన్ని, తన ఖాతాదారులను, తన సామాను మోసే కూలీల సంఖ్యను కూడా ఎన్నుకొన్నట్లే.

అంగడిలో ముఖ్యంగా మూడు రకాల నిర్మాణాలు ఉండేవి. ఒక పెట్టెలో మరొక పెట్టె జరిగే పాత రకం దృఢమైనదే గాని బహు స్థూలం. రెండవ రకానికి చదరపు తోలు తిత్తి ఉంటుంది. లెన్స్ ముందుభాగంలో కదలక నిలిచి, గరుకు అద్దమున్న వెనుక చట్రం పట్టాల మీద జరుగుతుంది. పెద్ద పలకకు ఇది స్థిరమైన ఆధారం. మూడవది ముందుకు పోనుపోను సన్నబడే తిత్తి గలది. 1857లో కిన్నియర్ ప్రవేశపెట్టిన ఈ తిత్తి మడిచితే కొద్ది మందమే అవుతుంది. ప్రయాణాలకు ఇంతకంటె అనుకూలమైనది లేదు. అయితే ప్రతి సుగుణానికీ మూల్యం ఉన్నది. ఎత్తయిన కట్టడాన్ని తీయడానికి కెమెరాను పైకి వంచితే గోడలు వెనుకకు వాలిపోతున్నట్లు కనబడతాయి. అందుచేత కెమెరాను నిటారుగా నిలిపి లెన్స్ పలకను మాత్రమే పైకి జరపాలి. సన్నని తిత్తి గల కెమెరాలో అలా మరీ ఎక్కువగా జరిపితే, తిత్తి మడతలు అడ్డువచ్చి చిత్రపు మూలలు నల్లబడతాయి. తేలిక కావలెనా, నిండైన చిత్రం కావలెనా అని ఎవరికి వారే తేల్చుకోవాలి.

నక్షాలు గీసిన చేతికి వాలిన గోడ సహించదు. 1882లో ఆయన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగారు. ఆ పర్యటన చిత్రాలతో 1886లో మధ్యభారత ప్రసిద్ధ కట్టడాలను గూర్చిన గ్రంథం వెలువడినది. కోట బురుజులు, గుడి శిఖరాలు తూకపుగుండు వేసి చూసినట్లు నిలువుగా నిలిచిన తీరును అందులో గమనించవచ్చు. తడి కొలోడియన్ పద్ధతిలో పలకకు మందు పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, అక్కడే చీకటి గుడారంలో కడగాలి. మన ఎండలలో ఆ కొద్ది నిమిషాలు ఇంకా కురచబడతాయి. 1880 ప్రాంతంలో తయారైన పొడి పలకలు విరివిగా లభించడంతో ఆ గుడారపు బాధ తప్పినది గాని బరువు తప్పలేదు. 12×10 అంగుళాల గాజు పలక ఒక్కటే మూడు నాలుగు వందల గ్రాములు తూగుతుంది. వాటి పెట్టెలు, కెమెరా, ముక్కాలి స్తంభం, అన్నీ ఎద్దుబండ్లమీదనో మనుషుల తలలమీదనో కదలవలసినవే. అలా మోసినవారి పేర్లు ఏ గ్రంథంలోనూ అచ్చుకాలేదు.

ప్రభుత్వోద్యోగానికి మొదట సెలవు పెట్టి, పిమ్మట దానిని పూర్తిగా వదలుకొన్నారు దీన్‌దయాళ్. సంసారి అయిన ఒక నలభయ్యేళ్ళ వ్యక్తి నిలకడైన జీతాన్ని విడిచి, పగిలిపోయే గాజును నమ్ముకోవడం సామాన్యమైన సాహసం కాదు. 1885లో వైస్రాయి ఛాయాగ్రాహకులుగా నియమితులయ్యారు. నిజాము ఆస్థానంలో స్థానం లభించినది. 1886లో సికిందరాబాదులో చిత్రశాల వెలసినది.

చిత్రశాలలో అవసరాలు వేరు. అక్కడ కెమెరాను మోయవలసిన పని లేదు. కనుక బరువు దోషం కాక గుణమవుతుంది. చక్రాల బల్లపై నిలిచే భారీ కెమెరా, ఎక్కువ వెలుగును లోనికి రానిచ్చే పెజ్వాల్ తరహా లెన్స్ ముఖచిత్రానికి తగినవి. ఆ లెన్స్ నడుమ భాగాన్ని స్ఫుటంగా చూపి అంచులను మెత్తబరుస్తుంది. ముఖానికి అది అందమే, కట్టడానికి మాత్రం పనికిరాదు. 1892లో హైదరాబాదులో పర్దా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా చిత్రశాలను నెలకొల్పి, దానిని కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించారు. కెమెరా వెనుక నల్లగుడ్డ కింద ఎవరు ఉన్నారన్నది కూడా పనిముట్టు ఎంపికతో సమానమైన ప్రశ్నేనని ఆయన గ్రహించారు. ఈ ఒక్క ఏర్పాటు ఆయన బిరుదులన్నిటికంటె గొప్పదని మేము తలుస్తాము.

1888లో కోడక్ చేతి కెమెరా వచ్చినది. మీట నొక్కితే నూరు చిత్రాలు, ఒక్కొక్కటి రెండున్నర అంగుళాల గుండ్రని బొమ్మ. దీన్‌దయాళ్ సంస్థ మాత్రం గాజు పలకల పెద్ద కెమెరాలతోనే సాగినది. ఇది మొండితనం కాదు. 1902లో నెక్కొండ దగ్గర కర్జన్ ప్రభువు దంపతులు చంపిన పులితో నిలిచిన చిత్రం, 1899-1900 క్షామకాలంలో ఔరంగాబాదు ప్రాంతపు అన్నార్తుల చిత్రాలు ఆ సంస్థవే. మొదటిదానిలో మనకు దొరల దర్పం కనిపిస్తుంది. రెండవవాటిలో ఎముకల లెక్క తెలుస్తుంది. పెద్ద పలక రెండింటినీ ఒకే నిశితత్వంతో చూపినది. రెండున్నర అంగుళాల బొమ్మలో ఆ డొక్కలు మనకు అందేవి కావు.

నిజాము ఆయనను రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని గౌరవించారు. మన ఉర్దూ విద్యార్థులకు తెలిసినదే, తస్వీరు, ముసవ్విరు ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు. ముసవ్విరు అనగా రూపమిచ్చువాడు. స్వయంగా కవి అయిన నిజాము ఆయనను ప్రశంసిస్తూ ఒక షేరు కూడా చెప్పారు. 1896లో బొంబాయిలో మరొక చిత్రశాల తెరువబడినది. 1897లో విక్టోరియా రాణి నుండి రాజనియామకం లభించినది.

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించగా, మరుసటి సంవత్సరం జులై 5న దీన్‌దయాళ్ కన్నుమూశారు. మరొక కుమారుడు జ్ఞాన్‌చంద్ సంస్థను నడిపారు గాని, 1911లో మహబూబ్ అలీఖాన్ గతించిన పిదప ఆ పూర్వపు ఆదరణ లేకపోయినది. గాజు పలకలు మాత్రం కుటుంబం వద్ద మిగిలినవి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వాటిలో 2,857 నెగెటివులను సేకరించినది. పెక్కింటి అడుగున చిత్రశాలవారు వ్రాసిన సంఖ్య, శీర్షిక నేటికీ చదువవీలుగా ఉన్నవి.